హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి: "ఏటా నూటికి నలుగురు" అన్న లెక్క ఎవరిని చూసి కట్టినది?

తర్వాత చదివేవారికి కూడా సందర్భం తెలియాలి కాబట్టి ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా తిరిగి రాస్తున్నాను. మీకు 31 ఏళ్లు. సొంతూరు హిందూపురం ప్రాంతం, ఉద్యోగం బెంగళూరులో. కంపెనీ తరఫున ఏటా చేయించే ఆరోగ్య పరీక్షలో ఇసీజీ తేడాగా వచ్చింది. ఎకో (శబ్ద తరంగాలతో గుండెను చూసే స్కాన్) తీస్తే ఎడమ జఠరిక మధ్య గోడ మందం 17 మిల్లీమీటర్లు ఉన్నట్టు తేలింది, రిపోర్టులో హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి (గుండె కండరం అసాధారణంగా మందమయ్యే జబ్బు) అని రాశారు. ఆయాసం, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం వంటివేవీ మీకు ఎన్నడూ లేవు, బీపీ కూడా లేదు. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక పాత వ్యాసంలో ఇది అరుదైన, ప్రాణాంతకమైన జబ్బనీ, ఏటా నూటికి నలుగురు దీనితో చనిపోతారనీ చదివారు. నాలుగును ఇరవైతో హెచ్చవేసి, యాభై ఏళ్లు దాటే అవకాశం నాకు నూటికి ఇరవై పాళ్లేనా అని అడిగారు. మీ చిన్నాన్నగారు 52వ ఏట నిద్రలోనే పోయారనీ, అదీ ఈ జబ్బే అయి ఉంటుందని ఇంట్లో అనుకుంటున్నారనీ రాశారు.

నేను బెంగళూరులో గుండె కండర జబ్బులున్నవారిని చాలా ఏళ్లుగా చూస్తున్న వైద్యుడిని. మీకు ముప్పు ఎంత ఉందో మీ పరీక్షలు చూడకుండా చెప్పడం తగదు, చెప్పను. అయితే మిమ్మల్ని ఇంతగా కలవరపెట్టిన ఆ నాలుగు శాతం ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం వివరంగా చెప్పగలను. అది నిజమైన రోగులను చూసి నిజాయితీగా కట్టిన లెక్కే, కానీ ఆ రోగులు ఆసుపత్రికి వచ్చిన దారి వేరు, మీరు వచ్చిన దారి వేరు.

ముందు గుణకారం సరిచేద్దాం. ఏటా నూటికి నలుగురు పోతారన్నది అక్షరాలా నిజమనుకున్నా ఇరవై ఏళ్లలో ఎనభైమంది పోరు. మొదటి ఏడాది తర్వాత మిగిలిన 96 మందిలో నాలుగు శాతం, ఆ తర్వాత మిగిలినవారిలో మళ్లీ నాలుగు శాతం, అలా తగ్గుతూ పోగా ఇరవయ్యో ఏడు చివర సుమారు 44 మంది ఉంటారు. అదే ఏటా ఒక శాతమైతే 82 మంది, అర శాతమైతే 90 మంది ఉంటారు. 44 ఎక్కడ, 90 ఎక్కడ! ఒకే జబ్బు పేరు మీద ఈ రెండు కొసలకు దగ్గరగా ఉండే అంకెలు పేరున్న వైద్య పత్రికల్లో అచ్చయ్యాయి. ఎవరూ అబద్ధం రాయలేదు. లెక్కలోకి ఎవరిని తీసుకున్నారన్నదే వాటి మధ్య తేడా.

ఈ జబ్బు వైద్యుల దృష్టికి వచ్చిన తీరే దానికి చెడ్డపేరు తెచ్చిపెట్టింది. 1958లో లండన్‌లో డొనాల్డ్ టియర్ అనే పాథాలజిస్టు, యువ వయసులో చనిపోయిన కొందరి గుండెల్లో మధ్య గోడ ఒక పక్క విపరీతంగా మందమై ఉండటాన్ని వర్ణిస్తూ వ్యాసం ప్రచురించారు. ఆయన వర్ణించినవారిలో ఎక్కువమంది హఠాత్తుగా చనిపోయినవారే. పోస్టుమార్టం గదిలో మొదలైన వర్ణనలో బతికి ఉన్నవారికి చోటు ఎలా ఉంటుంది? ఆ తర్వాత 1960లలో అమెరికాలోని బెథెస్డాలో యూజీన్ బ్రౌన్‌వాల్డ్ బృందం, లండన్‌లో జాన్ గుడ్‌విన్ బృందం బతికి ఉన్న రోగులను పరిశీలించడం మొదలుపెట్టాయి. అప్పటికి ఎకో వాడుకలో లేదు. జబ్బు ఖాయం చేయాలంటే రక్తనాళం గుండా గొట్టాన్ని గుండెలోకి పంపి ఒత్తిళ్లు కొలవాలి. అంతటి పరీక్షకు ఒప్పుకున్నవారంటే అప్పటికే బాగా ఆయాసపడుతున్నవారు, స్టెతస్కోపు పెట్టగానే పెద్ద మర్మర్ (గుండెలో అదనపు శబ్దం) వినిపించినవారు, లేదా ఇంట్లో ఒకరిద్దరు పోయి భయంతో వచ్చినవారు. ఏ లక్షణమూ లేక పొలం పనో ఆఫీసు పనో చేసుకుంటున్న మనిషికి ఆ గొట్టం వేయించుకునే అవసరమే రాలేదు, కాబట్టి ఆ మనిషి పుస్తకాలకూ ఎక్కలేదు.

పెద్దవారిలో ఏటా 2 నుంచి 4 శాతం, పిల్లల్లో 6 శాతం వరకు మరణాలు అన్న మాట అలాంటి కేంద్రాల నుంచే వచ్చి పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. మేం చదువుకున్న రోజుల్లో పరీక్షలో రాయవలసిన జవాబు అదే. ఈ సంగతిని గట్టిగా పట్టుకుని ప్రశ్నించినవారు బయటివారు కారు. 1993లో ఇదే జబ్బును పరిశోధిస్తున్న వైద్యులు బారీ మేరన్, పావొలో స్పిరిటో కలిసి, రోగుల ఎంపికలోని పక్షపాతం ఈ జబ్బు గురించిన మన అవగాహనను ఎలా వంకర తిప్పిందో అమెరికన్ జర్నల్ ఆఫ్ కార్డియాలజీలో రాశారు. వారి వాదన సారాంశం ఇది: ఈ జబ్బు గురించి ప్రపంచానికి తెలిసినదానిలో అధిక భాగం చేతివేళ్లతో లెక్కపెట్టగల కొన్ని పెద్ద రిఫరల్ కేంద్రాల (ఇతర డాక్టర్లు కష్టమైన రోగులను పంపే ఆసుపత్రుల) నుంచి వచ్చింది. ఆ కేంద్రాలకు చేరేవారు ఎక్కువ జబ్బుపడినవారు. ఒకే రోగులు పదేపదే వేర్వేరు వ్యాసాల్లో కనిపించడం వల్ల ఆ చిత్రం ఇంకా బలపడింది. మేరన్ చాలాకాలం పనిచేసింది బెథెస్డాలోనే, అంటే తాము కూడబెట్టిన సమాచారానికి ఉన్న పరిమితిని తామే బయటపెట్టారు. అందుకే ఆ వ్యాసమంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

ఎంపిక ఒక్కటే అంకెను ఎంత మార్చగలదో చూపడానికి ఒక ఊహా లెక్క వేస్తాను. ఇవి వివరణ కోసం వేసుకున్న అంకెలు మాత్రమే. ఒక ప్రాంతంలో ఈ జబ్బున్నవారు వెయ్యిమంది అనుకోండి. అందులో 100 మందికి తీవ్రంగా ఉంది, వారిలో ఏటా ఐదుగురు పోతారు. మిగతా 900 మందికి తేలికగా ఉంది, వారిలో ఏటా అర శాతం, అంటే నాలుగైదుగురు పోతారు. మొత్తం మీద వెయ్యికి సుమారు పదిమంది, అంటే ఒక శాతం. ఇప్పుడు ఆ ప్రాంతంలోని పెద్దాసుపత్రికి తీవ్రంగా ఉన్నవారిలో 80 మంది చేరుతారు, తేలికగా ఉన్నవారిలో ఏదో కారణాన 40 మంది మాత్రమే వస్తారు. ఆ 120 మందిలో ఏడాదికి సగటున నలుగురికి కాస్త పైన (4.2) చనిపోతే ఆసుపత్రి రికార్డు మూడున్నర శాతం చూపిస్తుంది. ఆ వైద్యుడు ఒక్క మరణాన్ని కూడా ఎక్కువ వేయలేదు, ఒక్క రోగినీ దాచలేదు. అయినా ఆ మూడున్నర శాతాన్ని ఆ ప్రాంతంలోని వెయ్యిమందికీ అంటగడితే అన్యాయం అవుతుంది.

ఇది కాగితం మీద లెక్క. మా ఓపీలో ఇదే సంగతి మనిషి రూపంలో కనిపిస్తుంది. రాయలసీమ జిల్లాల నుంచి గుండె జబ్బులవారు బెంగళూరుకు రావడం మీకు తెలిసిందే. కొందరు జయదేవకు పోతారు, కొందరు వైట్‌ఫీల్డ్‌లోని సత్యసాయి ఆసుపత్రికి, కొందరు మాలాంటివారి దగ్గరకు. ఎవరు వస్తారు? కదిరి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మ సంగతి చెబుతాను. నలభై ఏళ్లు ఉంటాయి. పాత రిపోర్టులన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తెచ్చింది. వాటిలో ఇసీజీ కాగితాలు కొన్ని అక్షరాలు చెరిగిపోయి తెల్లబడ్డాయి. చాలాకాలం ఉబ్బసమని మందులు వాడించారు. బిందె ఎత్తుకుని నాలుగు అడుగులు వేస్తే ఊపిరి అందదు, ఒకసారి పొలం గట్టు మీద స్పృహ తప్పి పడిపోయింది. ఎకో చేస్తే మధ్య గోడ బాగా మందంగా ఉండి, రక్తం బయటికి పోయే దారికి అడ్డుపడుతోంది. పల్లెలో మొదలై ముగ్గురు నలుగురు డాక్టర్లను దాటుకుని ఇంత దూరం వచ్చిందంటే, జబ్బు ఆమెను అంతగా తరిమింది కాబట్టే.

ఈ జబ్బు చాలావరకు వంశపారంపర్యంగా వస్తుంది, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. అందుకని తోబుట్టువులకూ తల్లిదండ్రులకూ ఎకో తీయించాలని చెప్పాం. కూతురికి తోడుగా వచ్చిన తండ్రి వరండాలోనే ఉన్నాడు, ఆయన్ను కూడా బల్ల మీద పడుకోబెట్టి చూశాం. డెబ్బైకి దగ్గరపడిన మనిషి, వేరుశనగ రైతు. గోడ మందం 18 మిల్లీమీటర్లు, అంటే మీకన్నా ఒక మిల్లీమీటరు ఎక్కువ. జీవితంలో గుండెకు ఒక్క మాత్ర వేసుకోలేదు. "నాకేం రోగం సార్, పొద్దన్నే చేనికాడికి పోయి మోటరేసి వస్తాండా" అన్నాడు. కూతురు రాకపోతే ఆయన పేరు ఏ ఆసుపత్రి రికార్డులోకీ వచ్చేది కాదు. మన లెక్కల్లో లేనివారు ఇలా ఉంటారు.

ఈ దాగినవారిని కూడా కలుపుకోవడానికి ప్రయత్నించిన అధ్యయనాలు వచ్చాక చిత్రం మారింది. ఇటలీలో టస్కనీ ప్రాంతపు రోగులు 202 మందిని ఏరివేత లేకుండా చూసి 1995లో ప్రచురించిన అధ్యయనంలో గుండె సంబంధ మరణాలు ఏటా 0.6 శాతం. అమెరికాలో మిన్నెసోటా ప్రాంతంలోని 277 మందిని గమనించి మేరన్ బృందం 1999లో ప్రచురించినదానిలో ఈ జబ్బు వల్ల మరణాలు ఏటా ఒక శాతానికి కాస్త పైన ఉన్నాయి, దాదాపు పావువంతు మంది 75 ఏళ్ల దాకా బతికారు. ఇక అరుదైన జబ్బు అన్న మాట. 1995లో అమెరికాలో 23 నుంచి 35 ఏళ్ల మధ్య వయసున్న 4,111 మందికి, జబ్బు ఉందా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా ఎకో తీసి చూస్తే ఏడుగురిలో ఇది బయటపడింది. అంటే సుమారు 500 మందికి ఒకరు. ఆ ఏడుగురిలో ఒక్కరికే చెప్పుకోదగ్గ లక్షణాలు ఉన్నాయి. మిగిలినవారు మీరూ నేనూ రోజూ బస్సులో చూసే మామూలు మనుషులే. అరుదైనదని పేరు పడటానికీ ప్రాణాంతకమని పేరు పడటానికీ కారణం ఒకటే: తేలికగా ఉన్నవారిని ఎవరూ వెతకలేదు. వెతికాక జబ్బు సంఖ్యలో పెరిగింది, తీవ్రతలో తగ్గింది.

ఇంతవరకూ చదివి, అయితే భయపడాల్సిందేమీ లేదన్నమాట అనుకోకండి. ఎంపిక రెండు వైపులా కోస్తుంది. ఈ రెండో వైపు గురించి మా వృత్తిలోనే తక్కువగా మాట్లాడతారు, అందుకే కాస్త నిదానంగా రాస్తాను.

కదిరి రైతును మళ్లీ చూడండి. ఆయన్ను లెక్కలో చేర్చాలా? చేర్చాలి. కానీ ఆయన డెబ్బై ఏళ్ల వయసులో, ప్రమాదకరమైన యవ్వన కాలాన్ని సురక్షితంగా దాటాక మన చేతికి దొరికాడు. అలా దాటగలిగినవారే వయసు మళ్లాక దొరుకుతారు. ఇదే జబ్బుతో ఇరవై రెండేళ్లకు ఆటస్థలంలో కుప్పకూలిన కుర్రాడికి మొదటి లక్షణమే మరణం. అతడు ఏ క్లినిక్ మెట్లూ ఎక్కలేదు, మన దేశంలోనైతే చాలాసార్లు పోస్టుమార్టం కూడా జరగదు, గుండెపోటు అని ఒక మాట అనేసి ఊరుకుంటారు. రోగిని కనుగొన్న రోజు నుంచి గడియారం మొదలుపెట్టే ఏ అధ్యయనమూ ఆ కుర్రాణ్ణి లెక్కించలేదు. కాబట్టి రిఫరల్ ఆసుపత్రి అంకె ఎక్కువ చూపితే, ఊరంతా జల్లెడపట్టి పెద్ద వయసువారిని పోగుచేసిన అంకె తక్కువ చూపే ప్రమాదం ఉంది.

వయసు ఎంత ముఖ్యమో షేర్ అనే అంతర్జాతీయ రిజిస్ట్రీ 2018లో చూపింది. 4,591 మంది రోగుల సమాచారం అది. నలభై ఏళ్లకు ముందే జబ్బు బయటపడినవారిలో అరవై ఏళ్లు వచ్చేసరికి 77 శాతం మందికి గుండె వైఫల్యం, కర్ణికల (గుండె పై గదుల) లయ తప్పడం వంటి ఏదో ఒక చిక్కు ఎదురైంది. అరవై దాటాక జబ్బు బయటపడినవారిలో డెబ్బై ఏళ్లు వచ్చేసరికి ఆ వాటా 32 శాతమే. ఇక్కడ చిక్కు అంటే మరణం ఒక్కటే అని కాదు, మందులతోనూ జాగ్రత్తలతోనూ నెగ్గుకురాగలిగినవే ఎక్కువ. షేర్ రిజిస్ట్రీలో ఉన్నవి కూడా ఈ జబ్బుకే ప్రత్యేకమైన కేంద్రాలు అన్న సంగతీ మరవకూడదు. అయినా 31 ఏళ్లకే జబ్బు తెలిసిన మీరు, డెబ్బై ఏళ్ల రైతు అంకెను చూసి పూర్తిగా ధీమా పడటం కూడా సరికాదని ఆ సమాచారం చెబుతుంది.

ఇటీవలి వ్యాసాల్లో మరణాలు ఏటా అర శాతానికి దిగాయన్న మాట చదివినప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం. ప్రమాదకరమైన లయను పసిగట్టి షాక్ ఇచ్చే ఐసీడీ యంత్రం నిజంగానే ఎంతోమందిని కాపాడింది, అది నేను కళ్లారా చూసిన సంగతి. కానీ అదే కాలంలో కుటుంబ పరీక్షలు, ఎమ్మారై, కంపెనీల ఆరోగ్య పరీక్షలు పెరిగి, లక్షణాలు లేనివారు పెద్ద సంఖ్యలో లెక్కలోకి వచ్చారు. భాగహారంలో కింద ఉన్న అంకె పెరిగితే ఫలితం తగ్గుతుంది. తగ్గుదలలో చికిత్స వాటా ఎంత, కొత్తగా చేరిన తేలిక రోగుల వాటా ఎంత అని విడదీయకుండా అంతా చికిత్స ఘనత అనడం తొందరపాటు. మీరు కూడా ఆ కొత్త దారిలో వచ్చినవారే. 1965లో అయితే మీ పేరు ఏ వ్యాసంలోనూ ఉండేది కాదు.

జన్యువుల విషయంలోనూ ఇదే కథ నడిచింది. గుండె కండరంలోని ఒక ప్రోటీన్‌ను తయారుచేసే ట్రోపోనిన్ టీ జన్యువులోని కొన్ని మార్పులు గోడను అంతగా మందం చేయకపోయినా చిన్న వయసులోనే చంపుతాయని 1990లలో పేరు పడింది. కొన్ని మార్పులను ఏకంగా ప్రాణాంతక మార్పులని పిలిచారు. జన్యువును పట్టుకోవాలంటే జబ్బున్నవారు ఎక్కువమంది ఉన్న పెద్ద కుటుంబం కావాలి. అలాంటి కుటుంబం పరిశోధకుల దృష్టిలో పడేది తరచూ అక్కడ అనేక మరణాలు జరగడం వల్లనే. తర్వాత మేయో క్లినిక్‌లో ఒకరికొకరు సంబంధం లేని 293 మంది రోగులను పరీక్షిస్తే, ప్రాణాంతకమని పేరున్న ఆ మార్పులు ముగ్గురిలోనే కనిపించాయి. కొద్ది కుటుంబాల విషాదం మొత్తం జబ్బుకు ముఖచిత్రం అయిందన్నమాట.

మనకు మరీ దగ్గరి ఉదాహరణ ఇంకొకటి ఉంది. మైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాల డీఎన్‌ఏ తునక లోపించడం దక్షిణాసియా ప్రజల్లో సుమారు 4 శాతం మందిలో ఉంటుందనీ, అది గుండె కండర జబ్బుల ముప్పును పెంచుతుందనీ 2009లో నేచర్ జెనెటిక్స్‌లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, మన హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు అందులో ఉన్నారు. అది విలువైన పని. అయితే అంతమందిలో ఉన్న మార్పు అంతమందినీ రోగులను చేస్తుందని అనుకుంటే, మన ఆసుపత్రులు నిండిపోయి ఉండాలి. తర్వాతి పరిశోధనల్లో, హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి ముప్పులో ఎక్కువ భాగం ఆ లోపంతోపాటు అదే జన్యువులో పక్కనే ఇంకొక మార్పు కూడా ఉన్న చిన్న సమూహానిదని తేలింది. మీరు జన్యు పరీక్ష చేయించుకుంటే ఈ 25 అక్షరాల లోపం రిపోర్టులో కనిపించే అవకాశం లేకపోలేదు. కనిపించినంత మాత్రాన అదే మీ జబ్బుకు కారణమని నిర్ణయించుకోకండి, జన్యు సలహా ఇచ్చే నిపుణులతో మాట్లాడండి.

ఎంపిక ఒక జబ్బు ఉనికినే ప్రశ్నార్థకం చేసిన సందర్భం కూడా ఉంది. నాన్‌కాంపాక్షన్ అనే మాట మీకు ఎమ్మారై రిపోర్టులో ఎదురుకావచ్చు కాబట్టి చెబుతున్నాను. జఠరిక లోపలి గోడ నున్నగా కాక స్పంజులా గుంటలు గుంటలుగా ఉండటాన్ని అలా అంటారు. 2000లో జ్యూరిక్ నుంచి వచ్చిన అధ్యయనంలో ఇలాంటి 34 మంది పెద్దలను సగటున 44 నెలలు గమనిస్తే 12 మంది చనిపోయారు, నలుగురికి గుండె మార్పిడి జరిగింది. చదివినవారంతా హడలిపోయారు. ఐదేళ్ల తర్వాత లండన్ నుంచి వచ్చిన 45 మంది అధ్యయనంలో దాదాపు అంతే కాలానికి మరణం గానీ గుండె మార్పిడి గానీ లేకుండా ఉన్నవారు 97 శాతం. ఆ తర్వాత ఈ గుంటలను నిర్ధారించే కొలతలను క్రీడాకారుల మీదా ఆరోగ్యవంతుల మీదా ప్రయోగిస్తే వారిలోనూ చాలామంది ఆ నిర్వచనంలోకి వచ్చారు. గర్భిణులు 102 మందిని వరుసగా గమనిస్తే పావువంతు మందిలో కొత్తగా ఆ గుంటలు ఏర్పడి, ప్రసవం తర్వాత ఎక్కువమందిలో తగ్గిపోయాయి. 2023 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు దాన్ని ప్రత్యేకమైన కార్డియోమయోపతిగా లెక్కించడమే మానేశాయి. ఆ 34 మందికి జబ్బు లేదని దీని అర్థం కాదు. వారు నిజంగా బాధపడ్డారు, నిజంగా చనిపోయారు. వారిని చంపింది బలహీనపడిన గుండె, గుంటలు దానితోపాటు కనిపించిన గుర్తు. బలహీనమైన గుండె ఉన్నవారినే ఎకో బల్ల మీదికి పంపినప్పుడు ఆ రెండింటినీ విడదీయడం కష్టం.

మీరు రోగుల వాట్సాప్ గ్రూపుల్లో చేరానని కూడా రాశారు. చేరండి, అక్కడ తోడు దొరుకుతుంది, ఐసీడీ పెట్టించుకున్నాక ఎలా ఉంటుందో వాళ్లు చెప్పినంత బాగా మేం చెప్పలేం. కానీ అక్కడ రాసేవారు షాక్ తిన్నవారు, ఆపరేషన్ అయినవారు, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవారు. ఆరు నెలలకొకసారి మాత్రల చీటీ రాయించుకుని వెళ్లే మనిషి అక్కడ ఏం రాస్తాడు?

ఇప్పుడు మీ చిన్నాన్నగారి విషయం. ఆయన మరణం మీ ఇంటికి ఎంత దుఃఖమో నేను ఊహించగలను. అయితే ఎకో లేదు, పోస్టుమార్టం లేదు. 52 ఏళ్ల పురుషుడు నిద్రలో పోవడానికి మన దగ్గర అన్నిటికన్నా ముందు అనుమానించవలసింది గుండె రక్తనాళాల్లో పూడిక. మీకు ఈ జబ్బు తెలిశాక ఇంట్లో పాత మరణాలన్నీ దాని ఖాతాలోకి రావడం సహజం. దాన్ని పూర్తిగా కొట్టివేయను, మీ డాక్టరుకు తప్పక చెప్పండి. కానీ ముప్పు లెక్కించే పద్ధతిలో కుటుంబ చరిత్ర అంటే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో నలభై ఏళ్లలోపు జరిగిన ఆకస్మిక మరణం, లేదా వారిలో ఎవరైనా ఈ జబ్బు నిర్ధారణ అయి ఏ వయసులోనైనా హఠాత్తుగా పోవడం. చిన్నాన్నగారి మరణం ఆ నిర్వచనంలోకి రాదు.

ఆ పద్ధతి 2014లో యూరప్‌లో ఆరు కేంద్రాల్లోని 3,675 మంది సమాచారంతో తయారైంది. వయసు, గోడ గరిష్ఠ మందం, ఎడమ కర్ణిక పరిమాణం, రక్తం దారిలో ఒత్తిడి తేడా, కుటుంబ చరిత్ర, హోల్టర్‌లో (ఒంటికి తగిలించుకుని రోజంతా ఇసీజీ నమోదు చేసే పరికరంలో) కనిపించే వేగపు లయలు, కారణం తెలియని స్పృహ తప్పడం, ఈ ఏడు వివరాలు వేసి వచ్చే ఐదేళ్లలో ఆకస్మిక మరణపు ముప్పును అంచనా వేస్తారు. అందులో 4 శాతం కన్నా తక్కువ వస్తే తక్కువ ముప్పు అంటారు. మీరు రెండు చోట్ల నాలుగు అన్న అంకె చూశానని రాశారు. రెండోది ఇదే అయి ఉంటుంది. ఇది ఐదేళ్లకు కలిపి, అదీ తక్కువ ముప్పుకు పైహద్దు. పాత వ్యాసంలోని నాలుగు ఒక్క ఏడాదికి. రెండింటినీ ఒకటిగా చదివితే భయం ఐదింతలు అవుతుంది. ఈ పద్ధతికి కూడా ఆధారం రిఫరల్ కేంద్రాల రోగులే, అయినా మీ సొంత వివరాలు వేసి చూసే అంచనా కాబట్టి, ఎవరివో తెలియని సగటుకన్నా ఇది ఎంతో మెరుగు.

మీరు చేయించుకోవలసినవి రాస్తున్నాను. కనీసం 24 గంటల హోల్టర్, వీలైతే 48 గంటలది. వ్యాయామం చేయిస్తూ తీసే ఎకో, ఎందుకంటే విశ్రాంతిగా ఉన్నప్పుడు కనిపించని అడ్డంకి నడిచినప్పుడు బయటపడవచ్చు. కాంట్రాస్ట్‌తో (చిత్రం స్పష్టంగా రావడానికి నరంలోకి మందు ఎక్కించి) గుండె ఎమ్మారై, అది గోడ మందాన్ని కచ్చితంగా కొలుస్తుంది, కండరంలో మచ్చ ఎంతుందో చూపిస్తుంది. ఈలోగా జిమ్‌లో బరువులెత్తడం, పందెం కట్టి ఆడే ఆటలు ఆపండి. మామూలు నడక మానవద్దు. ఎప్పుడైనా స్పృహ తప్పితే లేదా పరిగెడుతుండగా కళ్లు చీకట్లు కమ్మితే ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

మీ అమ్మానాన్నలకూ తోబుట్టువులకూ ఎకో, ఇసీజీ తీయించండి. హిందూపురంలో చేయించినా సరిపోతుంది, బెంగళూరుకే రానవసరం లేదు. మామూలుగా ఉందని వచ్చినా పెద్దవారికి మూడు నుంచి ఐదేళ్లకొకసారి, పిల్లలకు ఒకటి రెండేళ్లకొకసారి మళ్లీ చూడాలి, ఎందుకంటే ఇది ఆలస్యంగా కూడా బయటపడుతుంది. ఆరోగ్య పరీక్షల ప్యాకేజీల్లో తీసే ఎకో రిపోర్టులో ఎడమ కర్ణిక కొలత, వాల్సల్వా (ఊపిరి బిగబట్టి ముక్కడం) చేయించి చూసిన ఒత్తిడి తేడా తరచూ రాయరు. అవి లేకుండా నేను చెప్పిన ముప్పు లెక్క వేయలేం. కాబట్టి తర్వాతి ఎకోకు వెళ్లినప్పుడు ఆ రెండూ కొలిచి రాయమని ముందే అడగండి, పాత రిపోర్టును కూడా తప్పక వెంట తీసుకెళ్లండి.